చక్రం తిరగని దీవి.. నాగార్జునకొండ
ఆనకట్ట చూసి వెనుదిరగకండి.. లాంచీ ఎక్కే ముందు తెలుసుకోవాల్సినవి

మేడిపల్లి: జిల్లా నుంచి నాగార్జునసాగర్ వెళ్లే వారిలో చాలామంది ఆనకట్టను చూసి, గేట్ల ఎదుట ఫొటోలు దిగి, చేపల కూర తిని తిరుగుముఖం పడతారు. ఆనకట్టకు ఎగువన, జలాశయం నడుమ ఉన్న నాగార్జునకొండకు వెళ్లి వచ్చామనే వారు తక్కువ. కారణం ఒక్కటే. అక్కడికి బస్సు పోదు, కారు పోదు, ఆటో పోదు. వంతెన లేదు. లాంచీ ఎక్కితే తప్ప చేరలేని దీవి అది. దీవిపై అడుగుపెట్టాక నడకే శరణ్యం. మేడిపల్లి నుంచి 350 కిలోమీటర్లకు పైగా ప్రయాణించి వెళ్లిన కుటుంబం లాంచీ లేదన్న మాట విని ఒడ్డు నుంచే తిరిగి రావడం బాధాకరం. ముందుగా కొన్ని సంగతులు తెలుసుకుని బయలుదేరితే ఆ అవస్థ తప్పుతుంది.

ఒకనాడు లోయ.. నేడు దీవి

నాగార్జునకొండ పుట్టుకతో దీవి కాదు. డెబ్బయి ఏళ్ల కిందటి వరకు అది నల్లమల కొండల నడుమ, కృష్ణా నది కుడి ఒడ్డున ఉన్న విశాలమైన లోయలోని ఒక గుట్ట. మూడు వైపులా కొండలు, నాలుగో వైపు నది. ఆ లోయలోనే క్రీస్తుశకం 3వ శతాబ్దంలో ఇక్ష్వాకు రాజులు విజయపురి పేరిట రాజధాని నిర్మించుకున్నారు. శాసనాలు ఈ కొండను శ్రీపర్వతంగా పేర్కొన్నాయి. 1955 డిసెంబరు 10న నాటి ప్రధాని జవహర్‌లాల్ నెహ్రూ నాగార్జునసాగర్ ప్రాజెక్టుకు శంకుస్థాపన చేశారు. (మన పోచంపాడు వద్ద శ్రీరాంసాగర్‌కు పునాదిరాయి వేసింది కూడా ఆయనే, 1963 జులై 26న.) సాగర్ కాల్వలకు 1967 ఆగస్టు 4న నాటి ప్రధాని ఇందిరాగాంధీ నీరు విడుదల చేశారు. జలాశయం నిండే కొద్దీ లోయ మునిగింది, గుట్ట పైభాగం మాత్రం మిగిలింది. నేడు మనం లాంచీ దిగి నడిచేది ఆ గుట్ట నెత్తిమీదనే.

అందుకే ఇక్కడ వాహనాలు లేకపోవడం వెనుక నిషేధపు ఉత్తర్వు ఏదో ఉందని అనుకోనక్కర లేదు. దారి మునిగింది కనుక బండి రాదు. ప్రపంచంలో కావాలని వాహనాలను వద్దనుకున్న దీవులు వేరే ఉన్నాయి. అమెరికాలోని మిషిగన్ రాష్ట్రంలో మాకినా అనే చిన్న దీవి ఉంది. మోటారు బండ్ల చప్పుడుకు గుర్రాలు బెదురుతున్నాయని అక్కడ 1898లోనే వాటిని నిషేధించారు. ఈనాటికీ అక్కడ గుర్రపు బండ్లు, సైకిళ్లే దిక్కు. గ్రీసు దేశంలోని హైడ్రా దీవిలో సామాన్లు కంచర గాడిదలపై మోస్తారు. టర్కీలోని ఇస్తాంబుల్ సమీప దీవుల్లో తరతరాలుగా నడిచిన గుర్రపు బండ్లను 2020లో ఆపివేసి విద్యుత్ బండ్లు ప్రవేశపెట్టారు. నాగార్జునకొండపై గుర్రాలూ లేవు, సైకిళ్లూ లేవు. ఊరే లేదు. పగలు సందర్శకులు వస్తారు, సాయంత్రానికి ఆఖరి లాంచీతో వెళ్లిపోతారు. పర్యాటకులు రాత్రి బస చేసే ఏర్పాటు లేదు.

ఎలా వెళ్లాలి?

మేడిపల్లి, కోరుట్ల, జగిత్యాల ప్రాంతాల వారు కరీంనగర్ మీదుగా రాజీవ్ రహదారిపై హైదరాబాద్ చేరుకోవాలి. కరీంనగర్ వైపు నుంచి వెళ్లే బస్సులు సికింద్రాబాద్‌లోని జూబ్లీ బస్‌స్టేషన్ చేరుతాయి. సాగర్ వెళ్లే బస్సులు మాత్రం మహాత్మాగాంధీ బస్‌స్టేషన్ నుంచి బయలుదేరుతాయి. ఈ రెంటి నడుమ నగరాన్ని దాటేందుకు కనీసం గంట సమయం విడిగా లెక్క వేసుకోవడం మంచిది. హైదరాబాద్ నుంచి ఇబ్రహీంపట్నం, మాల్, కొండమల్లేపల్లి మీదుగా సాగర్ సుమారు 150 కిలోమీటర్లు. 2023 డిసెంబరు 9 నుంచి తెలంగాణ ఆర్టీసీ ఎక్స్‌ప్రెస్, పల్లెవెలుగు బస్సుల్లో రాష్ట్ర మహిళలకు ఉచిత ప్రయాణం అమలులోకి వచ్చింది. ఆధార్ కార్డు వెంట ఉంచుకుంటే మహిళలకు పోను రాను ఖర్చు చాలా మేరకు కలిసి వస్తుంది.

ఒకే రోజులో వెళ్లి రావాలనుకోవడం పొరపాటు. ఉదయం బయలుదేరితే సాగర్ చేరేసరికి సాయంత్రమవుతుంది, అప్పటికి లాంచీలు ఆగిపోతాయి. ముందురోజు రాత్రికి సాగర్ చేరి, బస చేసి, మర్నాడు ఉదయం తొలి లాంచీ అందుకోవడమే సరైన పద్ధతి. హిల్ కాలనీ, పైలాన్, విజయపురి సౌత్ అనే మూడు కాలనీలు సాగర్ ఆనకట్టకు అటూ ఇటూ ఉన్నాయి. తొలి రెండూ తెలంగాణ వైపు నల్గొండ జిల్లాలో, మూడోది ఆంధ్రప్రదేశ్ వైపు పల్నాడు జిల్లాలో ఉన్నాయి. 2022 వరకు అది గుంటూరు జిల్లా. కొండ కూడా పల్నాడు జిల్లా పరిధిలోకే వస్తుంది. ఎక్కడ బస చేస్తున్నారో, ఏ ఒడ్డు నుంచి లాంచీ ఎక్కుతారో ముందే నిర్ణయించుకోకుంటే ఒడ్డు మారడానికే పొద్దు గడిచిపోతుంది.

'కొండపై దింపుతారా?'

టికెట్టు కొనే ముందు అడగాల్సిన మొదటి ప్రశ్న ఇదే. సాగర్‌లో రెండు రకాల నౌకావిహారాలు ఉన్నాయి. ఒకటి జలాశయంలో కొంత దూరం తిప్పి తీసుకువచ్చే జాలీ ట్రిప్పు. రెండోది నాగార్జునకొండకు తీసుకువెళ్లి, దింపి, తిరిగి ఎక్కించుకునే లాంచీ. రెండూ వేర్వేరు ప్రయాణాలు. రాష్ట్ర విభజన తర్వాత తెలంగాణ ఒడ్డు నుంచి బయలుదేరే లాంచీలు అనుమతుల చిక్కు వల్ల కొండ వద్ద ఆగకుండా జాలీ ట్రిప్పులకే పరిమితమైన సందర్భాలున్నాయి. విజయపురి సౌత్‌లోని లాంచీ స్టేషన్ కొండకు పాత దారి. ఇరువైపులా ఆయా రాష్ట్రాల పర్యాటక అభివృద్ధి సంస్థల కార్యాలయాలు ఉన్నాయి. బయలుదేరే ముందురోజు అక్కడికి ఫోన్ చేసి, లాంచీ ఉందా, ఎన్ని గంటలకు, కొండపై ఎంతసేపు ఆగుతుంది అని మూడు ప్రశ్నలు వేసి తెలుసుకోవాలి.

శుక్రవారం వెళ్లకూడదు. కొండపైనున్న పురావస్తు ప్రదర్శనశాలకు ఆ రోజు సెలవు. శని, ఆదివారాల్లో రద్దీ ఎక్కువగా ఉన్నా లాంచీ నిండుతుంది కనుక బయలుదేరడం ఖాయం. మామూలు రోజుల్లో తగినంత మంది ప్రయాణికులు వచ్చే దాకా ఆగాల్సి రావచ్చు. పాఠశాలల విహారయాత్రలు సాగే డిసెంబరు, జనవరి నెలల్లో ఉదయమే వరుసలో నిలబడడం మేలు.

ఏ నెలలో వెళ్లాలన్నది నీటిని బట్టి ఉంటుంది. సాగర్ పూర్తి నీటిమట్టం 590 అడుగులు. శ్రీశైలం నుంచి వరద వచ్చి, 26 గేట్లు ఎత్తే రోజుల్లో ఆనకట్ట చూడ్డానికి జనం ఎగబడతారు. కానీ ఆ రోజుల్లోనే గాలి, ఉద్ధృతి దృష్ట్యా లాంచీలు ఆపివేస్తారు. గేట్లు, కొండ రెండూ ఒకే రోజు చూద్దామనుకునే వారికి ఏదో ఒకటి దక్కకపోవచ్చు. వేసవిలో నీరు బాగా తగ్గితే లాంచీ నడపడమే కష్టం, పైగా బండలపై ఎండ భరించరానిది. వరద తగ్గి జలాశయం నిండుగా ఉండే అక్టోబరు చివరి నుంచి ఫిబ్రవరి వరకు అనువైన కాలం. మన ప్రాంత రైతులకైతే వానకాలం వరి కోతలు పూర్తయి, పసుపు తవ్వకాలు ఇంకా మొదలుకాని డిసెంబరు నెల తీరిక దొరికే సమయం.

లైఫ్ జాకెట్ లేకుంటే ఎక్కొద్దు

ఒడ్డు నుంచి కొండకు లాంచీలో ఇంచుమించు గంట ప్రయాణం. నీరు ప్రశాంతంగా కనిపించినా అది లోతైన జలాశయం. తెలుగు రాష్ట్రాల్లో విహార పడవల ప్రమాదాలు మరచిపోదగినవి కావు. 2017 నవంబరు 12న విజయవాడ సమీపంలో కృష్ణా, గోదావరి సంగమం వద్ద పడవ బోల్తా పడి 20 మందికి పైగా మరణించారు. 2019 సెప్టెంబరు 15న పాపికొండల యాత్రకు బయలుదేరిన బోటు దేవీపట్నం మండలం కచ్చులూరు వద్ద గోదావరిలో మునిగిపోయింది. పదుల సంఖ్యలో ప్రాణాలు పోయిన ఆ దుర్ఘటనలో వరంగల్ సమీపంలోని కడిపికొండ నుంచి కలిసి వెళ్లిన వారు కూడా ఉన్నారు. ఒకే ఊరి వారు, బంధువులు కలిసి ఒకే బోటు ఎక్కడం మన దగ్గర సాధారణం. కనుక ఈ జాగ్రత్త ఊరందరికీ సంబంధించినది. కచ్చులూరు ఘటన తర్వాత విహార బోట్లపై ఆంక్షలు పెరిగాయి. బోట్లు బయలుదేరే చోట పర్యవేక్షణ కేంద్రాలు ఏర్పాటు చేశారు.

నియమాలు ఉన్నంత మాత్రాన సరిపోదు, ప్రయాణికుడూ పాటించాలి. లైఫ్ జాకెట్ ఇచ్చినప్పుడు దాన్ని ఒడిలో పెట్టుకోవడం, పిల్లల తల కింద దిండుగా వాడడం చూస్తుంటాం. జాకెట్ తొడిగి, బెల్టులు బిగించి, చిన్నపిల్లలకు వారి కొలతకు తగినది అడిగి తీసుకోవాలి. పెద్దల జాకెట్ పిల్లవాడికి వేస్తే నీళ్లలో పడినప్పుడు అది పైకి జారిపోతుంది. ఫొటోల కోసం అందరూ ఒకే వైపునకు చేరడం ప్రమాదకరం. బరువు ఒక పక్కకు పడితే లాంచీ ఒరుగుతుంది. పై అంతస్తులో గుంపుగా నిలబడడమూ అంతే. లాంచీలో రాసి ఉన్న ప్రయాణికుల పరిమితికి మించి ఎక్కిస్తున్నారని గమనిస్తే తర్వాతి లాంచీకి ఆగడంలో నష్టమేమీ లేదు.

కొండపై ఏముంది?

లాంచీ దిగగానే కోట గోడల శిథిలాలు ఎదురవుతాయి. ఇవి మధ్యయుగం నాటివి, బౌద్ధ కాలానివి కావు. మెట్లు, ఎత్తుపల్లాల కాలిబాట, తోట దాటుకుని లోపలికి నడవాలి. మోకాళ్ల నొప్పులున్న పెద్దవారు తొందరపడకుండా చెట్ల నీడన ఆగుతూ వెళ్లాలి. వారిని ఎక్కించుకుపోయే బండి ఏదీ రాదని ఇంటి వద్దే చెప్పి తీసుకువెళ్లడం మంచిది. లాంచీ సాధారణంగా గంట, గంటన్నర మాత్రమే ఆగుతుంది. ఆ సమయంలో అన్నీ చూడడం సాధ్యం కాదు. ముందుగా ప్రదర్శనశాల, తర్వాత మహాచైత్యం, మిగిలిన సమయంలో తక్కినవి అనే క్రమం పెట్టుకోవాలి. సద్ది, తాగునీరు వెంట తీసుకువెళ్లాలి. ఖాళీ సీసాలు, విస్తర్లు తిరిగి వెంట తెచ్చుకోవాలి. అక్కడ పారేసిన చెత్త కూడా లాంచీలోనే ఒడ్డుకు రావాలి మరి.

భారత పురావస్తు సర్వేక్షణ శాఖ నిర్వహణలోని ప్రదర్శనశాలను బౌద్ధ విహారం ఆకృతిలో నిర్మించారు. దాదాపు 3 మీటర్ల ఎత్తున్న బుద్ధుడి నిలువెత్తు విగ్రహం అందరినీ ఆకర్షిస్తుంది. దాని ముందు ఫొటోలు దిగి ముందుకు సాగే వారు గోడల వెంట ఉన్న పలకలను కూడా తీరికగా చూడాలి. లేత ఆకుపచ్చ ఛాయ గల పల్నాటి సున్నపురాతిపై బుద్ధుడి జీవిత ఘట్టాలు, జాతక కథలు చెక్కారు. ఒక స్తంభంపై శక దేశీయుడి వేషంలో పొడవాటి అంగీ, టోపీ ధరించిన కాపలాదారు కనిపిస్తాడు. దూరదేశాల వారు ఈ లోయకు వచ్చిపోయేవారని ఆ ఒక్క శిల్పమే చెబుతుంది. చనిపోయిన వారి జ్ఞాపకార్థం నిలిపిన ఛాయాస్తంభాలు మరో విశేషం. రాజు శాంతమూలుడికే గాక ఇతరులకూ ఇవి ఉన్నాయి. మన ఊళ్లలో పొలిమేరన కనిపించే వీరగల్లులకు ఇవి పెద్దన్నల వంటివి అనుకోవచ్చు.

రాజులు యాగం చేస్తే.. రాణులు స్తూపం కట్టారు

ఇక్ష్వాకులు పాలించింది సుమారు వందేళ్లు. శాతవాహనుల తర్వాత కృష్ణా లోయలో అధికారంలోకి వచ్చిన ఈ వంశంలో మొదటివాడు వాసిష్ఠీపుత్ర శాంతమూలుడు. అతడు అశ్వమేధ యాగం చేసిన వైదిక మతాభిమాని. కొడుకు వీరపురుషదత్తుడి కాలంలో బౌద్ధానికి వెలుగు వచ్చింది. అయితే ఆ వెలుగులో అధికభాగం అంతఃపుర స్త్రీలదే. శాంతమూలుడి సోదరి శాంతిశ్రీ వీరపురుషదత్తుడి ఆరో పాలనా సంవత్సరంలో మహాచైత్యానికి స్తంభాలు నిలిపినట్లు ప్రాకృత శాసనాలు తెలుపుతున్నాయి. ఆమె వీరపురుషదత్తుడికి మేనత్త, అత్తగారు కూడా. మేనరికం అప్పటికే ఇక్కడ ఆనవాయితీ అన్నమాట. బోధిశ్రీ అనే ఉపాసిక మరిన్ని నిర్మాణాలకు దానమిచ్చింది. ఆమె శాసనంలో కశ్మీరం, గాంధారం, చీనా, సింహళం మొదలైన దేశాల పేర్లు వస్తాయి. సింహళ భిక్షువుల కోసం ఇక్కడ ప్రత్యేక విహారమే ఉండేది.

మహాచైత్యం నిర్మాణ విధానం గమనించదగ్గది. 30 మీటర్లకు పైగా వ్యాసం గల ఈ స్తూపం అడుగున బండి చక్రం వలె ఇటుక గోడలు కట్టి, ఆకుల నడుమ ఖాళీలను మట్టితో నింపారు. దీనివల్ల తక్కువ ఇటుకతో పెద్ద గుమ్మటం నిలబడింది. ధర్మచక్రానికి గుర్తుగానూ పనికొచ్చింది. బండి చక్రమే రాని దీవిలో అంత పెద్ద చక్రం నేలపై పడుకుని ఉంది. మరో చిన్న స్తూపం పునాదిలో స్వస్తిక ఆకారం ఉంది. మహాచైత్యంలో లభించిన బుద్ధ ధాతువును సారనాథ్‌లోని మూలగంధకుటి విహారానికి తరలించారు.

ఇక ఆచార్య నాగార్జునుడు ఇక్కడ నివసించాడన్నది బలమైన సంప్రదాయం. కొండకు ఆ పేరు అందుకే వచ్చిందంటారు. పండితుల్లో మాత్రం ఏకాభిప్రాయం లేదు.

మునగక ముందు ఏడేళ్ల పరుగు

ఈ లోయలో శిథిలాలు ఉన్నాయని 1926లో మద్రాసు శాసన విభాగంలో తెలుగు సహాయకుడిగా పనిచేసిన ఎ.ఆర్.సరస్వతి గుర్తించారు. 1927 నుంచి 1931 వరకు లాంగ్‌హర్స్ట్, 1938లో టి.ఎన్.రామచంద్రన్ తవ్వకాలు జరిపారు. అప్పటికి తొందర లేదు. ఆనకట్ట నిర్ణయంతో పరిస్థితి మారింది. 1954లో డాక్టర్ ఆర్.సుబ్రహ్మణ్యం నాయకత్వంలో ప్రత్యేక బృందం రంగంలోకి దిగి 1960 వరకు లోయను జల్లెడ పట్టింది. 30కి పైగా బౌద్ధ నిర్మాణాలు, ఆలయాలు, స్నానఘట్టం, అశ్వమేధ యాగస్థలి, మెట్ల వరుసల రంగస్థలం, ఇంకా వెనక్కి వెళ్తే రాతియుగం పనిముట్లు, పెద్ద బండల సమాధులు బయటపడ్డాయి.

అన్నీ తరలించడం అసాధ్యం. ఏది ఉంచాలి, ఏది నీటికి వదలాలి అన్నది తేల్చుకోవాల్సి వచ్చింది. ముఖ్యమైన తొమ్మిది కట్టడాలను ఇటుక ఇటుక విప్పి, గుర్తులు వేసి, కొండపైకి చేర్చి తిరిగి నిలబెట్టారు. మరికొన్నింటిని అనుపు వద్ద పునర్నిర్మించారు. మిగిలినవి నేటికీ లాంచీ కింద నీళ్లలోనే ఉన్నాయి. ఈజిప్టులో ఆస్వాన్ ఆనకట్ట ముంపు నుంచి అబూ సింబెల్ ఆలయాలను 1964-68 మధ్య ఎత్తైన చోటికి తరలించిన కథ లోకమంతా తెలుసు. అంతకు ముందే మన కృష్ణా తీరాన జరిగిన పనికి ఆ పేరు రాలేదు. ప్రదర్శనశాలలో మునిగిన లోయ మొత్తాన్ని చూపే నమూనా ఉంచారు. లాంచీకి సమయం మించుతోందని దాన్ని వదిలేయవద్దు. కిటికీలోంచి కనిపించే నీటి కింద ఏముందో తెలిపేది అదొక్కటే.

లోయలో శిథిలాలే కాదు, పుల్లారెడ్డిగూడెం వంటి జనావాసాలూ ఉండేవి. పొలాలు, గుడిసెలు, పశువుల బాటలు మునిగాయి. బుద్ధుడి విగ్రహానికి కొండపై గది దొరికింది. లోయ రైతు ఎక్కడికి పోయాడన్నది మాత్రం ఏ నమూనాలోనూ లేదు. సాగర్ నీటితో కుడి, ఎడమ కాల్వల కింద లక్షల ఎకరాలు పచ్చబడిన మాట నిజమే. ఆ లెక్క ఎంత పెద్దదో ఇది కూడా అంత నిజమే.

అనుపు, బుద్ధవనం కూడా చూడాలి

లాంచీ దొరకని పక్షంలో ప్రయాణం వృథా కాకుండా అనుపు వెళ్లవచ్చు. విజయపురి సౌత్ నుంచి రోడ్డు మార్గం ఉంది. పునర్నిర్మించిన రంగస్థలం మెట్లపై కూర్చుని నడిమి చతురస్రంలో ఒకరు మెల్లగా మాట్లాడితే పైవరుసకు వినిపిస్తుందో లేదో పిల్లలతో పరీక్షించి చూడవచ్చు. తెలంగాణ వైపు హిల్ కాలనీ సమీపంలో 274 ఎకరాల్లో నిర్మించిన బుద్ధవనాన్ని 2022 మే 14న ప్రారంభించారు. ఇది కొత్తది. కొండ, అనుపు చూశాక వెళ్తే అక్కడి శిల్పాల అర్థం తెలుస్తుంది. ముందే వెళ్తే ఉద్యానవనంగా మిగిలిపోతుంది. ఆనకట్టపైకి సందర్శకులను అనుమతించడంపై భద్రతా ఆంక్షలు ఉంటాయి. 2023 నవంబరు చివర రెండు రాష్ట్రాల మధ్య నీటి వివాదంతో ఆనకట్టపై ఉద్రిక్తత నెలకొని కేంద్ర బలగాలు మోహరించిన సంగతి తెలిసిందే. కనుక అధికారుల సూచనలు పాటించాలి.

ముంబయిలో ఉన్నవారికి ఘారాపురి

కోరుట్ల, సిరిసిల్ల, జగిత్యాల ప్రాంతాల నుంచి ముంబయి, భీవండిలకు బతుకుదెరువుకు వెళ్లిన కుటుంబాలు అనేకం. వారికి సమీపంలోనే వాహనాలు లేని మరో దీవి ఉంది. ఎలిఫెంటా గుహలున్న ఘారాపురి దీవికి గేట్‌వే ఆఫ్ ఇండియా నుంచి లాంచీలో సుమారు గంట. జెట్టీ నుంచి కొండ పాదం వరకు చిన్న రైలు, ఆపైన వందకు పైగా మెట్లు. అక్కడ సెలవు సోమవారం. నాగార్జునకొండకు భిన్నంగా ఈ దీవిలో ఊళ్లు, జనం ఉన్నారు. సముద్రగర్భ తీగ ద్వారా వారికి శాశ్వత విద్యుత్ వచ్చింది 2018లో. ముంబయి మహానగరం కళ్లెదుటే వెలుగుతుండగా అన్నేళ్లు చీకట్లో గడపడం వింతే. 2024 డిసెంబరు 18న నౌకాదళ స్పీడ్ బోటు ఢీకొని ఈ దీవికి వెళ్తున్న ప్రయాణికుల బోటు మునిగి పది మందికి పైగా మరణించారు. ఆ తర్వాత అక్కడ లైఫ్ జాకెట్లు తప్పనిసరి చేశారు. వానాకాలంలో ఆ ప్రయాణం మానుకోవాలి.

మన మానేరులోనూ ఓ దీవి

అంత దూరం వెళ్లలేని వారు రాజన్న సిరిసిల్ల జిల్లా బోయినపల్లి మండలం వరదవెల్లిని తలచుకోవచ్చు. మధ్యమానేరు జలాశయం కింద మునిగిన గ్రామాల్లో ఇదొకటి. ఊరు పునరావాస కాలనీకి తరలినా గుట్టపై ఉన్న దత్తాత్రేయ ఆలయం మిగిలింది. జలాశయం నిండితే గుట్ట చుట్టూ నీరే. దత్త జయంతికి భక్తులు పడవలపై వెళ్లి దర్శించుకుంటున్నారు. నాగార్జునకొండ ఎలా దీవిగా మారిందో కళ్లారా చూసిన తరం ఇక్కడ ఇంకా సజీవంగా ఉంది. ఇంటి జాగ ఎక్కడుండేదో, బావి ఎక్కడుండేదో నీటి మీదికి వేలు చూపి చెప్పగలిగిన వారు పునరావాస కాలనీల్లో ఉన్నారు. అక్కడికి వెళ్లే వారు కూడా పడవ, లైఫ్ జాకెట్ విషయంలో పైన చెప్పిన జాగ్రత్తలే తీసుకోవాలి. చేపల వేటకు వాడే చిన్న పడవల్లో పిల్లలతో విహారానికి దిగడం ఎంతమాత్రం తగదు.

మన జిల్లాలోని వెల్గటూర్ మండలం కోటిలింగాల కథా ఈ కోవలోనిదే. శాతవాహన వంశకర్త సిముకుడి పేరిట నాణేలు దొరికిన గోదావరి తీరపు ప్రాచీన నగరం అది. 1970, 80 దశకాల్లో తవ్వకాలు జరిగినా దిబ్బలో చాలా భాగం తవ్వకుండానే మిగిలింది. ఎల్లంపల్లి జలాశయం వెనుక జలాలు ఇప్పుడు దాని అంచును తాకుతున్నాయి. ఇక్కడ నాగార్జునకొండలో వలె కొండపైకి తరలించిన కట్టడాలు లేవు. పెద్దపల్లి జిల్లా ధూళికట్టలోని బౌద్ధ స్తూపం మాత్రం ముంపు బారిన పడలేదు. ఐదు తలల నాగు చుట్టుకున్న శిల్ప ఫలకాలు దాని ప్రత్యేకత. ఈ రెండు చోట్ల లభించిన కొన్ని వస్తువులు కరీంనగర్‌లోని రాష్ట్ర పురావస్తు శాఖ ప్రదర్శనశాలలో ఉన్నాయి. సాగర్ వెళ్లే బస్సు ఎలాగూ కరీంనగర్ మీదుగానే వెళ్తుంది. ఒక పూట ముందుగా బయలుదేరితే వాటిని చూసి వెళ్లవచ్చు.